కర్రసాము వచ్చిన పిల్లని వెనక్కి పంపకండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మాది అమలాపురం పక్క ఊరు. దసరాకి మా దగ్గర చెడీ తాలింఖానా, అదే కర్రలు, కత్తులతో చేసే సాము, ఎంత జోరుగా జరుగుద్దో తెలిసిందే. నేను కూడా చిన్నప్పుడు మా పెద్దనాన్న దగ్గర ముందు కర్ర, తర్వాత కత్తి నేర్చుకున్నవాణ్ణే. ఇప్పుడు రాయడానికి కారణం మా తమ్ముడి కూతురు. ఎనిమిదో క్లాసు, నాలుగేళ్లుగా కర్ర తిప్పుతుంది, ఫెన్సింగ్ (కత్తులతో పోటీపడే ఆట) నేర్చుకుంటానని సరదాపడి వెళ్తే అక్కడి కోచ్ ఒకాయన ఆ కర్రసాము అలవాటుంటే ఇది రాదమ్మా, అది మానేసి రా అన్నారంట. పిల్ల ఏడుపు మొహంతో ఇంటికొచ్చింది, నాకు ప్రాణం ఉసూరుమంది.

ఆయన మాటలో నిజం లేకపోలేదు. ఫెన్సింగ్‌లో వాడే మూడు రకాల కత్తుల్లో ఒకటైన సేబర్‌లో వెనక కాలు ముందు కాలిని దాటి ముందుకి పడకూడదు, పడితే ఎల్లో కార్డు, కొట్టిన దెబ్బకి పాయింటూ ఉండదు. మన సాములో అడుగు మార్చి అడుగేస్తూనే కదా కర్ర తిప్పేది, కాబట్టి అది మార్చుకోవాల్సిందే. కానీ ఎదుటివాడి భుజం కదలగానే దెబ్బ ఎటొస్తుందో పసిగట్టడం, ఎంత దూరంలో ఉంటే తగలదో కంటితోనే కొలుచుకోవడం, ఇవి ఏళ్లు పడితేగానీ రావు, అవి ఆ పిల్లకి ఆల్రెడీ ఉన్నాయి, వాటిని కూడా మానేయమంటే ఎలాగండీ?

మనవాళ్లు కూడా కర్రొస్తే కత్తొచ్చినట్టే అంటుంటారు, అదీ తప్పే. కర్రకి పదునుండదు, ఎటు తగిలినా దెబ్బే. కత్తి అలా కాదు. మా పెద్దనాన్న పెరట్లో అరటి బోదె పాతి నరకమనేవారు, మణికట్టు రవ్వంత తిరిగిందంటే కత్తి సగంలో ఇరుక్కుపోయేది, బోదె కిందపడకపోగా మోచెయ్యి దాకా జివ్వుమనేది, అది సరిగ్గా తెగడానికి నాకు మూడు నెలలు పట్టింది. పైగా మన తల్వార్ పిడి చివర గుండ్రటి బిళ్ల ఉంటుంది, అది మణికట్టుని ఎక్కువ ఆడనివ్వదు, దెబ్బ భుజం నుంచి లాగి కొయ్యాలి.

ఇక్కడే ఆ కోచ్ గారు ఆలోచించాల్సింది ఉంది. సేబర్ బరువు 500 గ్రాముల లోపే, అందులో పదును వైపు తగిలిందా చదును వైపు తగిలిందా అని చూడరు, వెన్ను తగిలినా దెబ్బ తగిలినట్టు చూపించే లైటు వెలుగుద్ది. అంటే కర్ర చేతికి అసలు కత్తి కన్నా ఈ సేబరే దగ్గర! టోక్యో ఒలింపిక్స్‌లో సేబర్ ఆడిన మన భవానీదేవి కూడా మొదట్లో వెదురు కర్రలతోనే ప్రాక్టీస్ చేసింది. కేరళ కలరిపయట్టు విద్యలో కూడా ముందు కర్ర పడతారు, ఆ తర్వాతే ఇనుము.

2022లో పంచకులలో జరిగిన ఖేలో ఇండియా యూత్ గేమ్స్‌లో పంజాబ్ వాళ్ల గట్కా, మణిపూర్ వాళ్ల థాంగ్-టా, కలరిపయట్టు అన్నీ పెట్టారు, మన కర్రసాము మాత్రం లేదు. దసరాకి ఫొటోలు వేయడంతో ఆపకుండా, ఇంకా బతికున్న పెద్ద గురువుల దగ్గరికి మీ రిపోర్టర్లని పంపి అడుగులు, పట్లు రాయించండి. కోచ్‌లు కూడా ఇలాంటి పిల్లల్ని ఒక్క నెల ఆడించి చూడండి, అప్పుడు చెప్పండి.

మా పిల్ల కోసం అరుగు మీద సుద్దతో గీత గీశాను, వెనక కాలు ఆ గీత దాటకుండా రోజూ సాయంత్రం ప్రాక్టీస్ చేస్తోంది, వచ్చే ఆదివారం మళ్లీ నేనే తీసుకెళ్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, కోనసీమ