టీవీ, ఎలక్ట్రానిక్స్ మెకానిక్‌ల సంఘం: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కూడా కోఠి చుట్టుపక్కల మన సభ్యుల షాపులు కొన్ని మూతపడ్డాయి. అద్దె భరించలేక కొందరు ఇంటి దగ్గరే పని చేసుకుంటున్నారు. ఇంకొందరు సీసీ కెమెరాలు బిగించే పనిలోకి, ఏసీ సర్వీసులోకి వెళ్లారు. పని మారినా వారు మనవాళ్లే. వారి సభ్యత్వం కొనసాగించాలని కార్యవర్గం తీర్మానించింది.

1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలైనప్పటి నుంచి ఈ పనిలో ఉన్న పెద్దలు మనలో ఉన్నారు. హైదరాబాద్‌లోని ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ తయారుచేసిన టీవీ సెట్ల మీద చేయి తిరిగినవాళ్లు. అప్పట్లో చాలా సెట్లకు సర్క్యూట్ డయాగ్రం దొరికేది. పిక్చర్ ట్యూబుకు హై వోల్టేజ్ ఇచ్చే ఈహెచ్‌టీ పోయినా, కెపాసిటర్ ఉబ్బినా మీటరు పెట్టి పట్టుకునేవారు. కోఠిలో ఎలక్ట్రానిక్స్ విడిభాగాలు అమ్మే గుజరాతీ గల్లీ నుంచి పార్టు తెచ్చి సాయంత్రానికల్లా బొమ్మ తెప్పించేవారు.

ఎల్‌ఈడీ టీవీల్లోనూ బ్యాక్‌లైట్ స్ట్రిప్పులు మారుస్తున్నాం, పవర్ సప్లై బాగుచేస్తున్నాం. ప్యానెల్, అంటే తెర, పోతే మాత్రం దాని ధర దాదాపు కొత్త టీవీ ధరకు వస్తోంది. అంత డబ్బు పెట్టే బదులు వాయిదాల మీద కొత్తది కొంటామనే కస్టమర్‌ను మనం తప్పుపట్టలేం. మెయిన్ బోర్డుదీ అదే గొడవ. దాని మీది మెమరీ ఐసీ (చిప్) మార్చడం మన కుర్రాళ్లకు కష్టమేమీ కాదు, కానీ ఆ మోడల్‌కు సరిపోయే సాఫ్ట్‌వేర్ ఫైలు లేకపోతే సెట్టు ఆన్ కాదు. కొన్ని సెల్‌ఫోన్లలో అయితే అదే మోడల్ నుంచి తీసిన అసలు డిస్‌ప్లే వేసినా హెచ్చరిక మెసేజ్ వస్తుంది. దాంతో నకిలీది వేశామని కస్టమర్ మనల్నే అనుమానిస్తాడు. ఇంతకంటే బాధ ఇంకోటి లేదు.

పని రాక మన షాపులు మూతపడటం లేదు. పార్టు, సర్క్యూట్, ఫైలు మనదాకా రాక మూతపడుతున్నాయి. అందుకే ఈ ఏడాది సంఘం పని ఎక్కువగా వీటి మీదే సాగింది.

అందులో బాగా ఉపయోగపడింది పాత బోర్డుల నిల్వ. ప్యానెల్ పగిలిన టీవీలను కస్టమర్లు తుక్కు కింద అమ్మేస్తారు. వాటిలో మెయిన్ బోర్డు, పవర్ బోర్డు చాలావరకు బాగానే ఉంటాయి. అలాంటివి తెచ్చి పరీక్షించి, మోడల్ నంబర్ల వారీగా సంఘం గదిలో ఉంచాం. కావలసిన సభ్యుడు నామమాత్రపు ధరకు తీసుకెళ్లవచ్చు. ఎక్కడా దొరకని బోర్డులు ఇక్కడ దొరికి, వదిలేసిన సెట్లు మళ్లీ నడిచాయి. వేడి గాలితో టంకం కరిగించే హాట్ ఎయిర్ గన్ మీద చిన్న ఐసీలు తీసి వేయడం గురించి ఆదివారం తరగతులు కూడా జరిగాయి. నేర్పిన సభ్యులు పైసా తీసుకోలేదు, వారికి కృతజ్ఞతలు.

ఇక ప్రభుత్వం దగ్గర జరిగిన పని. కొన్న వస్తువును తనకు నచ్చిన చోట బాగుచేయించుకునే రిపేరు హక్కు మీద కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో కమిటీ వేసింది, ఆ డిసెంబరులో పోర్టల్ తెచ్చింది. వస్తువు ఎంత సులువుగా బాగవుతుందో మార్కులు వేసే రిపేరబిలిటీ ఇండెక్స్ కోసం 2024 సెప్టెంబరులో మరో కమిటీ వేశారు. అది 2025 మేలో నివేదిక ఇచ్చింది. మంచి అడుగే, అయితే ముందుగా సెల్‌ఫోన్లు, ట్యాబ్లెట్లకే పరిమితం. ఫ్రాన్సులో 2021లోనే టీవీలకూ ఇలాంటి మార్కులు మొదలుపెట్టారు. ఇక్కడా టీవీలను చేర్చాలని, విడిభాగాలు, సర్వీస్ మాన్యువల్ బయటి షాపులకూ అమ్మేలా కంపెనీలను ఒప్పించాలని వినతిపత్రం పంపాం.

చేతివృత్తుల వారికి కేంద్రం సాయం చేసే పీఎం విశ్వకర్మ పథకంలో మనల్నీ చేర్చాలని కూడా రాశాం. అందులోని 18 వృత్తుల్లో తాళాలు చేసేవారు, దర్జీలు, చెప్పులు కుట్టేవారు ఉన్నారు. ఉండాల్సిందే. ఎలక్ట్రానిక్స్ మెకానిక్ మాత్రం లేడు. పనిముట్లకు 15,000 రూపాయల సాయం, 5 శాతం వడ్డీకి రుణం మనవాళ్లకు అందితే హాట్ ఎయిర్ స్టేషన్ కొనలేక ఆగిపోయిన వారు నిలదొక్కుకుంటారు. రెండు వినతులకూ ఇంకా జవాబు రాలేదు. మళ్లీ గుర్తుచేస్తాం.

జమాఖర్చుల పట్టిక సర్వసభ్య సమావేశంలో అందజేస్తాం. చందా బాకీలున్నవారు ఆ రోజు కట్టగలరు. వచ్చేటప్పుడు షాపులో మూల పడి ఉన్న బోర్డులు తీసుకురండి. టీవీ మోడల్, ప్యానెల్ నంబరు రెండూ చీటీ మీద రాసి అంటించండి. ప్యానెల్ నంబరు లేని బోర్డు ఏ సెట్టుకు సరిపోతుందో తేల్చలేకపోతున్నాం.

– కార్యదర్శి