ఈగ మెదడు పటం: సరిదిద్దిన చేతుల సంగతి

సంపాదకుల వారికి,

పండ్ల ఈగ మెదడును ‘కృత్రిమ మేధ గీసేసింది’ అన్న ధోరణిలో వార్తలు వస్తున్నాయి. అది సగమే నిజం. 2024 అక్టోబరులో నేచర్ పత్రికలో వచ్చిన, ఫ్లైవైర్ అనే పరిశోధన బృందం తయారుచేసిన ఈగ మెదడు పటంలో 1,39,255 న్యూరాన్లు (నాడీకణాలు) ఉన్నాయి. యంత్రం గీసినదాన్ని దిద్దడానికి పట్టిన శ్రమ, ఒక్కరే కూర్చుంటే సుమారు 33 ఏళ్లు!

అంత దిద్దుబాటు ఎందుకంటే, చిక్కంతా కొలతల్లో ఉంది. ఆస్మియం అనే లోహపు రంగు పట్టించిన మెదడును 40 నానోమీటర్ల మందాన ఏడు వేల పైచిలుకు పొరలుగా కోసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద ఫొటోలు తీశారు. ఫొటోలో ఒక్కో పిక్సెల్ 4 నానోమీటర్లు. లోతులో మాత్రం ఒక్కో మెట్టు 40 నానోమీటర్లు. సన్నని ఆక్సాన్ (న్యూరాన్ నుంచి సాగే పొడవాటి తీగ) మందం 50 నానోమీటర్లే ఉండొచ్చు. అది ఏటవాలుగా సాగితే, ఈ పొరలో ఒకచోట, కింది పొరలో పక్కకు జరిగి మరోచోట కనిపిస్తుంది. మధ్యలో ఒక పొర చిరిగినా, మడత పడినా, ఫొటోలను ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చకపోయినా దాని జాడ తప్పినట్టే.

పక్కపక్క పిక్సెళ్లు ఒకే కణానివా కాదా అని సాఫ్ట్‌వేర్ అంచనా వేస్తుంది. ముందు చిన్న తునకలు చేసి, తర్వాత వాటిని కలుపుతుంది. తప్పులు రెండు రకాలు: తెగిపోవడం, అతుక్కుపోవడం. తెగిన కొమ్మను తర్వాతైనా వెతికి కలపొచ్చు. రెండు న్యూరాన్లు అతుక్కుంటే మాత్రం గొలుసుకట్టుగా పక్కవీ చేరి, పెద్ద ముద్దవుతుంది. అందుకే ఎంత నమ్మకముంటే కలపాలన్న హద్దును కాస్త కఠినంగానే పెట్టుకోవడం మేలు. ‘99 శాతం పిక్సెళ్లు సరైనవే’ అంటే మురిసిపోనక్కర్లేదు. రెండు కణాల మధ్య గోడలాంటి త్వచం ఫొటోలో మసకబారిన చోట నాలుగు పిక్సెళ్లు తప్పినా రెండు కణాలు ఒకటైపోతాయి.

దిద్దేవారు ముందు ఆకారం చూస్తారు. ఒకే న్యూరాన్‌కు రెండు కణదేహాలు (కేంద్రకం ఉండే ప్రధాన భాగాలు) ఉంటే అతుకు. కొమ్మ ఉన్నట్టుండి మొండిగా ఆగితే తెగుడు. అతుకు దగ్గర పొరలను ఒక్కొక్కటిగా తిరగేసి, ఇటో చుక్క, అటో చుక్క పెడితే వాటి మధ్య ఎక్కడ కోయాలో సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది.

2025 ఏప్రిల్‌లో వెలువడిన ఎలుక మెదడు పటం ఒక్క ఘన మిల్లీమీటరుదే. అయినా అందులో రెండు లక్షల దాకా కణాలున్నాయి. మనుషులు పూర్తిగా సరిచూసినవి కొద్ది భాగమే. ఇకముందు ఇలాంటి వార్త వేసేటప్పుడు కణాలెన్ని అన్న అంకె పక్కనే, సరిచూసినవెన్నో కూడా వేయమని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు