వార్షిక నివేదిక 2024-25
(సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నది)

సభ్యులందరికీ నమస్కారం. పాత ఆటల సెన్సర్లను కంప్యూటర్‌కు పెట్టి కొత్త పనులు నేర్చుకునే మన సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే కాబట్టి నేరుగా ఈ ఏటి పనిలోకి వస్తాను.

ఈ ఏడాది ఎక్కువ కాలం కినెక్ట్ సెన్సర్ల మీదే గడిచింది. ఎదుట ఉన్న మనిషి కదలికలను పట్టుకునే మైక్రోసాఫ్ట్ పరికరమే కినెక్ట్. ఎక్స్‌బాక్స్ 360 అనే ఆటల యంత్రంతో వచ్చిన పాత సెన్సర్లను చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి కొన్ని, ఊళ్లో ఆటలు మానేసిన ఇళ్ల నుంచి కొన్ని సేకరించాం. సెకండ్ హ్యాండ్‌లో దొరికేవాటికి చాలావరకు అడాప్టర్ (విడిగా కరెంటు అందించే వైరు) ఉండదు. 360 ఎస్ మోడల్‌కైతే సెన్సర్ వైరు నేరుగా తగిలించుకోవచ్చు, అడాప్టర్ అక్కర్లేదు. కంప్యూటర్‌కు పెట్టాలంటే మాత్రం 12 వోల్టుల కరెంటు విడిగా ఇవ్వాలి, యూఎస్‌బీ ఇచ్చే 5 వోల్టులు చాలవు. బాలాజీ కాలనీ సభ్యులు ఒకరు వేసవి సెలవుల్లో కూర్చుని ఆ వైర్లన్నీ సోల్డర్ చేసి, మల్టీమీటర్‌తో ఒక్కొక్కటీ చూసి మరీ ఇచ్చారు. తన పేరు వేయొద్దన్నారు. సంఘం తరఫున ఆయనకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

కొత్తగా చేరిన విద్యార్థులు చాలామంది "కంపెనీయే వదిలేసిన వస్తువు మీద ఇంత శ్రమ ఎందుకు సార్" అని అడుగుతున్నారు. జవాబు ఈ నివేదికలోనే రాసిపెడుతున్నాను. కినెక్ట్ 2010 నవంబరు 4న అమెరికాలో విడుదలైంది. దాన్ని కంప్యూటర్‌తో నడిపే ఓపెన్ సోర్స్ డ్రైవర్ (ఎవరైనా ఉచితంగా వాడుకుని మార్చుకోగల ప్రోగ్రాం) రాసినవారికి బహుమతి ఇస్తామని ఆడాఫ్రూట్ అనే ఎలక్ట్రానిక్స్ సంస్థ అదే రోజు ప్రకటించింది. మైక్రోసాఫ్ట్ దీనికి ఒప్పుకోలేదు, అవసరమైతే పోలీసుల సాయం తీసుకుంటామన్నట్టు మాట్లాడింది. బహుమతి వెయ్యి డాలర్ల నుంచి మూడు వేలకు పెరిగింది. నవంబరు 10న, యూరప్‌లో అమ్మకాలు మొదలైన రోజే, స్పెయిన్‌కు చెందిన హెక్టర్ మార్టిన్ డ్రైవర్ రాసి గెలిచాడు. ఆ నెల తిరక్కముందే మైక్రోసాఫ్ట్ వాళ్లు రేడియోలో ఎవరి మీదా కేసులుండవని చెప్పారు, యూఎస్‌బీ కనెక్షన్‌ను కావాలనే తెరిచి ఉంచామన్నారు. 2011 జూన్‌లో వాళ్లే డెవలపర్ కిట్ (కినెక్ట్‌తో సొంత ప్రోగ్రాంలు రాసుకునే సాఫ్ట్‌వేర్) ట్రయల్ వెర్షన్ ఇచ్చారు. 2012 ఫిబ్రవరిలో దాన్ని వ్యాపారానికి వాడుకోవడానికీ అనుమతి వచ్చింది.

ఆ కిట్ గొప్పదే. మనిషి ఒంట్లో 20 కీళ్లను గుర్తుపట్టి చెబుతుంది. మార్టిన్ డ్రైవర్ నుంచి హాబీవాళ్లు పెంచుకున్న లిబ్‌ఫ్రీనెక్ట్ దూరం, రంగుల బొమ్మ లాంటి ముడి సమాచారమే ఇస్తుంది, కీళ్ల లెక్క మనమే చూసుకోవాలి. కానీ ఆ తర్వాత ఏమైందో చూడండి. సెన్సర్ వెనక ఉన్న టెక్నాలజీని తయారుచేసిన ప్రైమ్‌సెన్స్ కంపెనీని 2013లో యాపిల్ కొనేసింది. ఇలాంటి సెన్సర్లకు ఉచిత సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఓపెన్‌ఎన్ఐ సైట్ మరుసటి ఏడాది మూతపడింది. 2017లో కినెక్ట్ తయారీ ఆగింది. దాని తర్వాత వచ్చిన అజూర్ కినెక్ట్‌నూ 2023లో ఆపేశారు. లిబ్‌ఫ్రీనెక్ట్ మాత్రం ఇవాళ మన గదిలో నడుస్తోంది. కంపెనీ ఇచ్చిన సాయాన్ని వాడుకుందాం, మెచ్చుకుందాం, కానీ దానితోపాటు మన కాపీ, మన నోట్సు కూడా ఉండాలన్నదే నా పట్టుదల.

ఇక ఈ ఏటి పెద్ద పని. ఫిబ్రవరి 28, సైన్స్ దినోత్సవం నాడు చిత్తూరు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో, కినెక్ట్ ముందు మనిషి కదిలితే తెర మీద బొమ్మ కదిలేలా తోలుబొమ్మలాట పెట్టాం. బొమ్మలాట ఆడే ఒక కుటుంబం తమ హనుమంతుణ్ణి ఫొటోలు తీసుకోనిచ్చింది. తల, భుజం, మోచేయి, నడుము, మోకాలు దేనికది విడదీసి, మనిషి కీళ్లకు జత చేశాం. తోక దగ్గర ఆగిపోయాం. తోకకు మనిషి ఒంట్లో కీలు లేదు. ఆ ఇంటి పెద్దాయన వచ్చి బొమ్మ పట్టుకుని చూపించారు, తోక ఊపు నడుము నుంచే పుడుతుంది. నడుము కదలికకు తోకను కట్టి, కాస్త ఆలస్యంగా వెంట వచ్చేలా మన కుర్రాళ్లు ప్రోగ్రాం మార్చారు. అప్పుడు ప్రాణం వచ్చింది.

స్కూల్లో మరో టెన్షన్. కినెక్ట్ గదంతా కంటికి కనబడని పరారుణ చుక్కలు చల్లి దూరం కొలుస్తుంది. ఎండలోనూ అదే కిరణం ఉంటుంది కాబట్టి తూర్పు కిటికీల వెలుగులో చుక్కలు కలిసిపోయాయి, తెర మీద మనిషి సగం మాయం. భోజనం వండే అమ్మలు బియ్యం గోతాలు తెచ్చి కిటికీలకు కట్టారు. ఏడో తరగతి పాప ఒకతె తెల్లపంచె తెర ముందుకొచ్చి కుడిచెయ్యి ఎత్తింది, హనుమంతుడు గద ఎత్తాడు. పాప నడుం తిప్పింది, తోక ఊగింది. పిల్లల కేకలకు పక్క తరగతులూ ఖాళీ అయిపోయాయి. పొడుగు పావడాలు కట్టిన పిల్లలకు మోకాళ్లు సరిగా దొరకలేదు, వచ్చేసారికి దాన్ని సరిచేయాలి. హెడ్మాస్టర్ గారికి, ఆ వంట అమ్మలకు, బొమ్మలాట కుటుంబానికి, రాత్రంతా మేలుకున్న మన ఇంజినీరింగ్ పిల్లలకు ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే.

నింటెండో వీ అనే ఆటల యంత్రం రిమోట్‌తో గోడను స్మార్ట్ బోర్డు చేసే క్లాసు కూడా జరిగింది. 2007లో జానీ లీ అనే పరిశోధకుడు చూపించిన పద్ధతే, పరారుణ ఎల్ఈడీ పెట్టిన పెన్ను ఒక్కటి చేసుకుంటే చాలు. ట్యూషన్ చెప్పే సభ్యులు ఇద్దరు వాడుతున్నారు.

బాధగా ఉన్నా ఒక మాట చెప్పాలి. వాట్సాప్‌లో వస్తామని బొటనవేలు గుర్తు పెట్టినవాళ్లలో చాలామంది స్కూలు రోజున కనబడలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. స్పీకర్లు, ప్రొజెక్టర్ మోయడానికి అరవై దాటిన మన అధ్యక్షులు ముందుకు రావాల్సి వచ్చింది. రాలేమని ముందే చెబితే ఎవరూ ఏమీ అనుకోరు. ఊళ్లో ప్రదర్శనకు హాలు ఇప్పించమని ఒక కార్యాలయంలో పెట్టిన అర్జీ ఏడాదంతా ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి తిరిగింది. కొత్త రకం సెన్సర్ అమ్మే ఒక కంపెనీకి సాంకేతిక సాయం కోసం రాస్తే, "మీది రిజిస్టరైన కంపెనీయా" అన్న ప్రశ్న తప్ప జవాబు రాలేదు. ఇంట్లో కూర్చుని నేర్చుకునేవాడికి తలుపు తీయడం కంపెనీలకే లాభమని 2010 నాటి కినెక్ట్ కథ చూపించింది, ఆ సంగతి ఇంకా ఎందుకు అర్థం కావడం లేదో తెలియదు.

లెక్కలు కోశాధికారి గారు చదువుతారు. ఆడిట్ అయింది, బాకీలు లేవు, చందాలు మాత్రం కొందరివి రావాలి.

వచ్చే ఏడాదికి మూడు పనులు సభ ముందు పెడుతున్నాను: డ్రైవర్ పెట్టుకునే విధానం తెలుగులో అచ్చు వేయడం, హనుమంతుడి ప్రోగ్రాం అందరికీ ఉచితంగా ఇవ్వడం, శ్రీకాళహస్తి వైపు ఇంకో స్కూలు చూడటం. ఇళ్లకు తీసుకెళ్లిన సెన్సర్లను ఈ నెలాఖరులోగా అడాప్టర్లతో సహా గదిలో అప్పగించి, రిజిస్టర్‌లో సంతకం పెట్టండి.

ఇట్లు,
కార్యదర్శి
తిరుపతి