మిలట్రీ తాతలను పలకరించండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం ఫొటో పేపర్లో చూస్తుంటాం. కలెక్టరు గారికి జెండా స్టిక్కరు పెడతారు, ఆయన హుండీలో విరాళం వేస్తారు, ముగ్గురు నలుగురు మాజీ సైనికులకు శాలువాలు కప్పుతారు. 1949 నుంచి దేశమంతా జరుగుతున్న పని, మంచిదే. నా బాధల్లా మిగతా రోజుల గురించి. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో మిలట్రీకి వెళ్లొచ్చిన పెద్దలు చాలామందే ఉన్నారు. పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో చేసి, పింఛనుతో ఇల్లు గడవక మళ్లీ ఏ ఏటీఎం దగ్గరో, అపార్ట్‌మెంటు గేటు దగ్గరో డ్యూటీకి కుదిరినవాళ్లూ ఉన్నారు. ఊళ్లో మనకు వాళ్లు గుర్తొచ్చేది మాత్రం పెళ్లిళ్ల సీజన్లో, మిలట్రీ క్యాంటీన్ మందు సీసా కావలసి వచ్చినప్పుడు. నిష్ఠూరమైనా నిజం.

పోయిన నవంబరులో మా ఊరి బ్యాంకులో, బతికే ఉన్నామని పింఛనుదారులు ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ల రద్దీ. నా ముందున్న ముసలాయనకు వేలిముద్ర పడటం లేదు. బొటనవేలు పంచెకు తుడుచుకుంటాడు, నోటితో ఆవిరి ఊదుకుంటాడు, మళ్లీ పెడతాడు. కౌంటర్లో కుర్రాడు విసుక్కుని రేపు రమ్మన్నాడు. ఆయన చేతిలోని ప్లాస్టిక్ కవరులో మడతలు చిరిగి, టేపు వేసిన మిలట్రీ డిశ్చార్జి పుస్తకం కనబడింది. 'తాతగారూ, మీది ఏ రెజిమెంటు?' అని అడిగాను. అంతే, నడుం నిలబెట్టి సర్వీసు నంబరు, ర్యాంకు హిందీలో గడగడా చెప్పేశాడు. మద్రాస్ రెజిమెంటట. 1971లో పాకిస్తాన్‌తో యుద్ధంలో పశ్చిమ సరిహద్దున, బసంతర్ నది దగ్గర ఉన్నాడట. 'ముందల ఇంజినీర్లు మందుపాతర్లు ఏరతన్నారు, ఎనకాల మేం. నీల్లల్లో దిగి దాటినాం బాబూ. తిండేటంటావా, జేబులో శక్కర్‌పారాలే' అన్నాడు. అంత యుద్ధంలో తిన్న తీపి బిళ్లలు ఇంకా గుర్తున్నాయి ఆయనకు. మీరు చేసినదానికి చాలా థాంక్స్ అన్నాను. 'మాదేటుంది బాబూ, జీతానికే కదా ఎల్లినాం' అని తల దించుకున్నాడు. రెజిమెంటు అడిగినప్పుడు వెలిగిన ముఖం థాంక్స్ అనేసరికి ముడుచుకుపోయింది.

అందుకే నాకు అనిపించేదేమిటంటే, ఆ తరం వాళ్లకు కావలసింది పొగడ్త కాదు, అడిగేవాడు. ఎక్కడ చేశారు, ఎవరితో చేశారు, ఇంటికి ఉత్తరం ఎన్నాళ్లకు చేరేది అని అడిగి, చెప్పేదాకా కూర్చోవడం. 1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయిందని, వాళ్ల ఘాజీ జలాంతర్గామి మన విశాఖ తీరంలోనే మునిగిందని పిల్లలు పరీక్షల కోసం చదువుతారు. ఆ యుద్ధంలో పాల్గొన్న మనిషి పక్క వీధిలో ఉన్నాడని మాత్రం వాళ్లకు తెలియదు. 1971లో ఇరవయ్యేళ్ల జవాను ఇప్పుడు 75 దగ్గర ఉన్నాడు. 1962, 1965 యుద్ధాలు చూసినవాళ్లు చాలామంది 80 దాటేశారు. తెల్లవారుజామున మన రోడ్ల మీద అగ్నివీర్ కోసం పరుగులు తీసే కుర్రాళ్లయినా పరుగు అయ్యాక ఒక తాత అరుగు మీద పది నిమిషాలు కూర్చోవచ్చు. కోచింగ్ సెంటరులో చెప్పని సంగతులు అక్కడ దొరుకుతాయి.

ఇంకో చిన్న పని. వేలిముద్ర పడకపోతే ఫోన్ కెమెరాకు ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ (ఆన్‌లైన్ లైఫ్ సర్టిఫికెట్) ఇచ్చే సదుపాయం 2021 నుంచి ఉంది. చాలామంది పెద్దలకు ఈ సంగతి తెలియదు, తెలిసినా స్మార్ట్ ఫోన్ ఉండదు. మనవడి వయసు కుర్రాడు ఇంటికి వెళ్లి ఆ పని చేసిపెడితే ఆయనకు ఎండలో రెండోసారి తిరిగే అవస్థ తప్పుతుంది. బ్యాంకుల వారు నవంబరులో నాలుగు కుర్చీలు ఎక్కువ వేయించినా మేలే.

విద్యాశాఖ వారికి నా విన్నపం ఒకటే. కోరుకొండ సైనిక్ స్కూలు 1962 నుంచి మన విజయనగరం జిల్లాలోనే ఉంది, అక్కడి పిల్లలకు సైన్యం కొత్త కాదు. మామూలు హైస్కూలు పిల్లల సంగతే నేను చెప్పేది. ఈసారి పతాక దినోత్సవానికి ప్రతి హైస్కూలూ తమ ఊరి మాజీ సైనికుల్లో ఒకరిద్దరిని స్టేజీ ఎక్కించకుండా తరగతి గదిలోకి పిలవాలి. శాలువా, మైకు వద్దు. పిల్లలు అడగాలి, ఆయన చెప్పాలి, తెలుగు మాస్టారు రాయించాలి. ఊళ్లో ఎవరెవరున్నారో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని అడిగితే తెలుస్తుంది. నవంబరులోగా జిల్లా విద్యాశాఖాధికారి (డీఈఓ) గార్ల నుంచి ఒక సర్క్యులర్ వస్తే చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా