ఆడని ఆటకు అప్పు తెచ్చి కట్టే ఫీజు

సంపాదకుల వారికి,

అమెరికా చదువుల మీద మీ పత్రికలో వచ్చే కథనాలు చాలావరకు వీసా, ట్యూషన్, ఇంటి అద్దెల చుట్టూనే తిరుగుతుంటాయి. వాటి మధ్య ఎవరి కంటా పడకుండా నక్కి ఉండే ఒక పద్దు గురించి, విద్యారుణం తెచ్చి దాన్ని కడుతున్న తండ్రిగా, అటువంటి రుణాల దరఖాస్తులను ఏళ్ల తరబడి పరిశీలించిన బ్యాంకు ఉద్యోగిగా నాలుగు మాటలు రాయదలచుకున్నాను.

మా అబ్బాయి అక్కడి ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్ చదువుతున్నాడు. రెండో సెమిస్టరు బిల్లును వరసగా చదువుకుంటూ పోతే ఆరోగ్య బీమా, టెక్నాలజీ ఫీజు, రవాణా ఫీజుల కింద ‘అథ్లెటిక్స్ ఫీజు’ అంటూ మూడు వందల డాలర్లకు పైగా, అంటే మన లెక్కలో పాతిక వేలు దాటిన మొత్తం కనిపించింది. అథ్లెటిక్స్ అంటే మనకు పరుగుపందెం, లాంగ్‌జంప్ కనుక వీడు ఏదైనా పోటీకి పేరిచ్చాడేమోనని ఫోన్ చేసి అడిగాను. “నేనెక్కడ ఆడాను నాన్నా, బస్సెక్కడానికి తప్ప ఆ స్టేడియం వైపే వెళ్లను” అన్నాడు. విద్యార్థులకు టికెట్టు ఉచితమేనట. కానీ మ్యాచ్ ఉన్న శనివారం నాడే వాడు పనిచేసే క్యాంపస్ డైనింగ్ హాల్లో రద్దీ ఎక్కువ కాబట్టి ఆ పూట సెలవు దొరకదట.

అక్కడ ఆ మాటకు అర్థం వేరు. విశ్వవిద్యాలయం తన పేరు మీద పోటీలకు దింపే జట్లన్నీ, ముఖ్యంగా అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ జట్లు, వాటి కోచ్‌ల జీతాలు, ఆటగాళ్ల స్కాలర్‌షిప్పులు, విమాన ప్రయాణాలు, స్టేడియం కోసం చేసిన అప్పుల వాయిదాలు అన్నీ అందులోకే వస్తాయి. మార్చి నెల బాస్కెట్‌బాల్ టోర్నీ ప్రసార హక్కులకే కళాశాల క్రీడల సంఘమైన ఎన్‌సీఏఏకు ఏటా సుమారు 110 కోట్ల డాలర్లు ముడుతుంటే, ఇదంతా కాసులు కురిసే వ్యాపారమే అనుకోవడం సహజం. అయితే ఆ సంఘం చెప్పిన లెక్క ప్రకారమే, 350కి పైగా విద్యాసంస్థలున్న అగ్రశ్రేణి డివిజన్-1లో 2019లో సొంత రాబడితో ఖర్చులు పోను మిగులు చూపినవి పాతిక మాత్రమే. మిగిలిన చోట్ల లోటు పూడ్చేది విద్యార్థుల ఫీజు, విశ్వవిద్యాలయపు సాధారణ నిధి, రాష్ట్ర ప్రభుత్వ సొమ్ము. టికెట్లు, టీవీ, విరాళాల ద్వారా వచ్చేదాన్ని ‘ఆర్జించిన రాబడి’ అనీ, ఈ మూడింటినీ ‘కేటాయించిన రాబడి’ అనీ వారు పద్దు రాస్తారు. ఒక జేబులోంచి తీసి మరో జేబులో వేసుకున్న డబ్బును రాబడి అని రాస్తే మా బ్రాంచి ఆడిటరు ఊరుకునేవాడు కాదు.

ఈ సబ్సిడీకి పరిమితి పెడుతూ వర్జీనియా రాష్ట్రం 2015లో ఒక చట్టం చేసింది. పెద్ద కాన్ఫరెన్సుల్లో, అంటే పేరున్న జట్ల కూటముల్లో, ఆడే విశ్వవిద్యాలయాల క్రీడా విభాగాల రాబడిలో విద్యార్థుల ఫీజు, సంస్థ ఇచ్చే సొమ్ము కలిపి 20 శాతం దాటరాదని, డివిజన్-1లోనే ఉండి ఫుట్‌బాల్ జట్టు లేని వాటికైతే 78 శాతం దాటరాదని అందులో ఉంది. కట్టడి కోసం చేసిన చట్టమే 78 శాతం దాకా అనుమతించిందంటే చిన్న సంస్థల్లో ఆటల భారం ఎవరి నెత్తిన ఉందో వేరే చెప్పనక్కరలేదు.

ఒకసారి మొదలుపెట్టాక మానుకోవడమూ తేలిక కాదు. బర్మింగ్‌హామ్‌లోని అలబామా విశ్వవిద్యాలయం ఖర్చు భరించలేమంటూ 2014 డిసెంబరులో ఫుట్‌బాల్ జట్టును రద్దు చేసి, దాతలు, పూర్వ విద్యార్థులు, ఊరివారి ఒత్తిడితో ఆరు నెలలకే మనసు మార్చుకుంది. 2017లో జట్టు మళ్లీ మైదానంలోకి దిగింది.

నేను ఆటలకు వ్యతిరేకిని కాను. విద్యాసంస్థల్లో ఆడా మగా తేడా చూపరాదన్న 1972 నాటి టైటిల్ నైన్ చట్టం పుణ్యమా అని అక్కడి ఆడపిల్లలకు ఈ విభాగాల్లో దక్కిన అవకాశాలు చూస్తే మన కాలేజీల మైదానాలు గుర్తొచ్చి సిగ్గేస్తుంది. విద్యార్థులే కోరి ఫీజు పెంచుకున్న సందర్భాలూ ఉన్నాయి. శాన్ ఆంటోనియోలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో 2007లో వారు ఓటు వేసి పెంపును ఆమోదించగా, 2011లో ఫుట్‌బాల్ జట్టు మొదలైంది. కానీ ఇటువంటి ఓటు వేసినవారు పట్టాలు పుచ్చుకుని వెళ్లిపోతారు, ఫీజు మాత్రం తర్వాత చేరేవారి బిల్లులో మిగిలిపోతుంది. రెండేళ్లలో చదువు ముగించుకునే ఎమ్మెస్ విద్యార్థిని ఎవరూ ఏమీ అడగరు.

ఇకపై భారం పెరిగే సూచనలే కనిపిస్తున్నాయి. ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన దావాలో 2025 జూన్‌లో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన రాజీ ఒప్పందంతో విశ్వవిద్యాలయాలు 2025–26లో ఒక్కొక్కటి 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు ఆటగాళ్లకు నేరుగా పంచవచ్చు. ఇన్నాళ్లూ కోట్లు ఆర్జించిపెట్టిన ఆటగాళ్లకు వాటా దక్కడం ముమ్మాటికీ న్యాయమే. టీవీ డబ్బు పుష్కలంగా వచ్చే చోట దానికి ఇబ్బంది లేదు. ఆ డబ్బు లేకపోయినా పెద్దవారితో పోటీ పడాలనుకునే సంస్థలు చెయ్యి పెట్టేది మళ్లీ విద్యార్థి జేబులోనే కదా అన్నది నా భయం.

కాబట్టి అమెరికాలో పౌరసత్వం పొంది ఓటు వేస్తున్న మన తెలుగువారు, వారి సంఘాలు తమ రాష్ట్ర శాసనసభ్యుల ముందు రెండు కోరికలు పెట్టాలి. ఆటల ఫీజును మొత్తం ఫీజులో కలిపేయకుండా ప్రతి బిల్లులోనూ, ప్రవేశానికి ముందిచ్చే అంచనాలోనూ విడిగా చూపించాలి. జట్లలో ఆడే అవకాశమే దాదాపు లేని ఎమ్మెస్ విద్యార్థులకు దాని నుంచి మినహాయింపు ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో చదివేవారిని మినహాయిస్తున్న సంస్థలు ఉండగా ఇది కుదరని పనేమీ కాదు.

ఇక్కడి కన్సల్టెన్సీలు ఈ మాట ఎత్తవు, వాటి నుంచి నేను ఆశించడమూ లేదు. బ్యాంకులు మాత్రం అడగగలవు. విద్యార్థి వీసా కోసం విశ్వవిద్యాలయం పంపే ఐ-20 పత్రంలో ట్యూషన్, ఫీజులు కలిపి ఒకే అంకెగా ఉంటాయి, మేము ఆ అంకె చూసే రుణం మంజూరు చేసేవాళ్లం. నేను సిఫారసు చేసిన దరఖాస్తుల్లో ఒక్కదానికైనా ఆ ఫీజులను విడగొట్టి రాయించుకు రమ్మని అడిగిన గుర్తు లేదు. నా స్థానంలో ఇప్పుడు కూర్చున్నవారు అడగాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
ఖమ్మం