అక్కా, చిన్నోడి మైనస్ పవర్ గురించి అడిగావుగా

అక్కా,

ఫోన్ మధ్యలో కట్ అయింది, మళ్లీ చేస్తే నువ్వు పడుకున్నావేమోనని రాస్తున్నా. చిన్నోడికి పవర్ పెరిగిందని, కంట్లో రక్తప్రసరణ తక్కువ కావడం వల్లేనని ఎవరో అన్నారని, దానికో టానిక్ కూడా చెప్పారని అన్నావు కదా. ఆ మాటలో కొంత నిజం ఉంది. టానిక్ మాత్రం కొనకు.

పిల్లలకి మైనస్ పవర్ వచ్చేది ఎక్కువగా కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి పొడుగు సాగడం వల్ల. పెద్దవాళ్ల కన్ను పొడవు సుమారు 24 మిల్లీమీటర్లు, అది ఒక్క మిల్లీమీటరు ఎక్కువ సాగినా రెండున్నర, మూడు డయాప్టర్ల పవర్ వచ్చేస్తుంది. అందుకని "నరాలు వీక్" అని ఎవరైనా అంటే పట్టించుకోకు.

ఇక రక్తం సంగతి. కంటి లోపల వెనకవైపు వెలుతురును పట్టే పొర రెటీనా, దాని వెనక కొరాయిడ్ అని ఇంకో పొర ఉంటుంది, దాదాపు అంతా రక్తనాళాలే. కంటికొచ్చే రక్తంలో ఎక్కువ భాగం వెళ్లేది దానికే, వెలుతురును పట్టే కణాలకి ఆక్సిజన్ ముఖ్యంగా అందేదీ అక్కడి నుంచే. మామూలు పెద్దవాళ్లలో చూపు కేంద్రం దగ్గర ఈ పొర మందం పావు మిల్లీమీటరుకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. కన్ను సాగేకొద్దీ అదీ పల్చబడుతుంది, పవర్ బాగా ఎక్కువున్నవాళ్లలో సగం కూడా మిగలకపోవచ్చు, దాంతో రక్తం పారడమూ తగ్గుతుంది.

మరి రక్తం తగ్గి కన్ను సాగిందా, కన్ను సాగి రక్తం తగ్గిందా? దీని మీద ఇంకా వాదన నడుస్తూనే ఉంది. 2018లో చైనా పరిశోధకులు జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో, కంటి బయటి తెల్లపొరకి ఆక్సిజన్ తగ్గితే అది బలహీనపడి సాగుతుందని చూపించారు. కొరాయిడ్‌లో రక్తం తగ్గడమే దానికి మూలం కావచ్చని వాళ్ల ఆలోచన. నాకైతే రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయనిపిస్తుంది. కానీ గినీ పందుల్లో కనిపించింది పిల్లాడి కంటికి టానిక్ అయిపోదు కదక్కా.

పనికొచ్చేవి వేరే ఉన్నాయి. పగటి వెలుతురులో బయట ఆడుకోవడం మొదటిది. చైనాలోని గ్వాంగ్‌జౌలో బడి పిల్లల్ని మూడేళ్లపాటు రోజూ 40 నిమిషాలు అదనంగా బయట గడపనిచ్చి చూస్తే, కొత్తగా మైనస్ పవర్ వచ్చినవాళ్లు 30 శాతం, మామూలుగా వదిలేసిన పిల్లల్లో దాదాపు 40 శాతం. 2015లో వచ్చాయి ఈ ఫలితాలు. వెలుతురుకి రెటీనాలో డోపమైన్ అనే రసాయనం పెరిగి కన్ను సాగడం నెమ్మదిస్తుందని అనుకుంటున్నారు. మనవాడికి పవర్ ఎలాగూ వచ్చేసింది కాబట్టి అంత లాభం ఉండకపోవచ్చు, అయినా పంపు, ఆడుకుంటే పోయేదేముంది. తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కల గురించి డాక్టర్‌నే అడుగు, అవి పవర్ పెరిగే వేగాన్ని తగ్గిస్తాయి, కొరాయిడ్ కాస్త మందమవుతుందని కూడా చూశారు. అద్దాలు మాత్రం పూర్తి పవర్‌వే పెట్టించు. తక్కువ పవర్ పెడితే కళ్లు వాటంతటవే బాగవుతాయని బావ అంటాడు చూడు, ఆ మాట వినకు.

ఒక్కటి మాత్రం ఆలస్యం చేయొద్దు: మెరుపులు కనిపించినా, నల్లచుక్కలు హఠాత్తుగా ఎక్కువైనా, చూపుకి ఒకవైపు తెర దిగినట్టున్నా అదే రోజు చూపించాలి. సాగిన కంట్లో రెటీనా ఊడిపోయే ప్రమాదం ఎక్కువ. మనవాడి పవర్‌కి ఇప్పుడే భయపడక్కర్లేదులే, ఊరికే టెన్షన్ పడకు.

డాక్టర్ రాసిచ్చిన పోయినేడాది చీటీ, ఇప్పటి చీటీ రెండూ ఫొటో తీసి పంపు. ఈసారి పవర్ ఒక్కటే కాకుండా కంటి పొడవు కూడా కొలవమని అడుగు, ఏడాదికోసారి ఆ అంకె రాసి పెట్టుకుంటే ఎంత వేగంగా సాగుతోందో తెలుస్తుంది.

నీ తమ్ముడు