నిఘా ఫైళ్లకు ఇంకా తాళమేనా?

సైనిక నిఘా విభాగంలో పెద్ద పదవులు చేసి రిటైరైన అధికారుల గురించి వచ్చే వార్తల్లో హోదాలు, పతకాలు తప్ప వాళ్లు చేసిన పని ఒక్క ముక్క ఉండదు. ఇందులో పత్రికల తప్పు లేదు, పాత రికార్డులే బయటికి రావడం లేదు. 25 ఏళ్లు దాటిన రికార్డులను మామూలుగా బయటపెట్టాలని రక్షణ శాఖ 2021లో విధానం ప్రకటించింది. అయినా 1962 చైనా యుద్ధంలో ఓటమిపై సైన్యం జరిపిన అంతర్గత విచారణ, అంటే హెండర్సన్ బ్రూక్స్ నివేదిక, నేటికీ అధికారికంగా విడుదల కాలేదు. భద్రతకు ముప్పంటే నమ్మడం కష్టం. సున్నితమైన భాగాలు తీసేసి కార్గిల్ సమీక్షా కమిటీ నివేదికను 2000లోనే పార్లమెంటు ముందు పెట్టారు, కొంపలేమీ మునగలేదు. పైగా ఆ నివేదిక నిఘా లోపాలను ఎత్తిచూపాకే 2002లో త్రివిధ దళాల నిఘాను సమన్వయం చేసే డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ ఏర్పడింది. నిఘా విఫలమైతే దేశమంతా తిడుతుంది. ముందే హెచ్చరించింది ఎవరో, దాన్ని పైవాళ్లు ఎందుకు పక్కన పడేశారో మాత్రం ఫైళ్లు దాటి రాదు. ఇన్ఫార్మర్ల పేర్లు, కోడ్‌ల వివరాలు కొట్టేసి, కనీసం 1971 యుద్ధం వరకు ఉన్న నిఘా ఫైళ్లనైనా నేషనల్ ఆర్కైవ్స్‌కు అప్పగించాలి. ఆనాటి అధికారుల్లో బతికున్నవాళ్ల జ్ఞాపకాలను సైన్యమే వీడియో తీసి భద్రపరచాలి. ఇది మాత్రం ఈ ఏడాదే మొదలుపెట్టాలి, వాళ్లంతా ఇప్పటికే వృద్ధులు.